వసంతంలో నెల్లూరుకు అన్నీ ఒకేసారి ఎందుకొస్తాయి? సభలు, నాటకాలు, తిరునాళ్ల వెనక లెక్క

మార్చి నెలాఖరులో నెల్లూరు వీఆర్సీ సెంటర్ నుంచి గాంధీబొమ్మ దాకా ఒకసారి నడిచి చూడండి. ఉగాది కవి సమ్మేళనం ఫ్లెక్సీ ఒకటి, తల్పగిరి రంగనాథుడి వాహన సేవల పట్టిక ఒకటి, టౌన్‌హాల్లో అష్టావధానం అని కరపత్రం ఒకటి, పెన్న అవతల ఏదో ఊళ్లో రాములవారి పందిట్లో పద్యనాటకం అని వాల్‌పోస్టరు ఒకటి, పిల్లల కూచిపూడి ప్రదర్శనకు ఆహ్వానం ఇంకొకటి. దాదాపు అన్నీ పది పదిహేను రోజుల్లోపే. అదే జులైలో నడిస్తే కాలేజీల ర్యాంకుల ఫ్లెక్సీలు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు.

ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకే ఇదంతా అయోమయం. ఇన్నీ ఒకేసారి పెట్టకపోతే ఏడాదంతా సర్దుకోవచ్చు కదా అని ఒకరు అడుగుతారు. ఆరింటికి అన్నారు, ఎనిమిదైనా నాటకం మొదలవలేదేమని ఇంకొకరు. మా చిన్నప్పుడు తెల్లవార్లూ ఆడేవాళ్లు, ఇప్పుడు పదింటికే మైక్ ఎవరు ఆపమన్నారని పెద్దవాళ్లు. టికెట్ లేదంటున్నారు, మరి వాళ్లకు డబ్బెవరిస్తారని పిల్లలు. ఈ సభల్లో వెనక వరసలో కూర్చుని పెరిగినవాణ్ణి కాబట్టి వీటన్నిటికీ జవాబు ఒకే చిక్కుముడిలో ఉందని నాకు అనిపిస్తుంది. ఆ ముడిలో వానా పంటా ఉన్నాయి, చంద్రుడి నడక ఉంది, చందా రసీదు పుస్తకం ఉంది.

వానలు తగ్గాక, పంట ఇంటికొచ్చాక

పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంత రుతువు. అంటే ఉగాది నుంచి రెండు నెలలు. ఆ రెండు నెలలూ నెల్లూరు చల్లగా ఉంటుందని ఎవరూ అనరు. చైత్రం మొదట్లో మల్లెపూలు, మామిడి పిందెలు. వైశాఖం వచ్చేసరికి వడగాలి. అయినా ఊరు ఆరుబయట కూర్చునేది అప్పుడే.

కారణం మన వానల తీరు. రాష్ట్రంలో చాలా జిల్లాలకు నైరుతి రుతుపవనాలు ముఖ్యమైతే, నెల్లూరుకు ఈశాన్య రుతుపవనాలే దిక్కు. ఏడాది వానలో సగం కంటే ఎక్కువ అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండాలు వచ్చేదీ అప్పుడే. ఆ మూడు నెలల్లో మైదానంలో పందిరి వేసి, తెరలు కట్టి, లైట్లు పెట్టి నాటకం ఒప్పుకోవడమంటే నిర్వాహకుడికి రోజూ టెన్షనే. జనవరి దాటితే ఆకాశం మీద నమ్మకం వస్తుంది.

రెండోది పంట. పెన్నా డెల్టాలో ప్రధానమైన వరి రబీలోది. చలికాలంలో నాట్లు పడి, మార్చి ఏప్రిల్ నెలల్లో కోతలవుతాయి. ఆ తర్వాత నీళ్లుంటే ఎడగారు అనే రెండో పంట, లేకపోతే పొలం ఖాళీ. అంటే శ్రీరామనవమికి ఇంట్లో ధాన్యం ఉంటుంది, రైతుకు కాస్త తీరిక ఉంటుంది, కోత కోసిన పొలం స్టేజీకి చోటిస్తుంది. ఒంగోలు, కొండపి, టంగుటూరు వైపు ఇదే పని పొగాకు చేస్తుంది. బోర్డు వేలం కేంద్రాల్లో అమ్మకాలు వసంతంలో జోరుగా సాగుతాయి. డబ్బు చేతిలో ఆడే రోజుల్లోనే చందా పుస్తకం పట్టుకుని ఊళ్లో తిరగడం ఎవరికైనా సులువు. ధర పడిపోయిన ఏడాది ఊరు తిరునాళ్లు మానదు గానీ, మూడు రాత్రుల నాటకం ఒక రాత్రికి తగ్గుతుంది.

పట్నం సభలకు పంటతో నేరుగా సంబంధం లేనట్టు కనిపిస్తుంది. కానీ నెల్లూరులో బియ్యం మిల్లు, ఎరువుల కొట్టు, నగల దుకాణం, ఆసుపత్రి అన్నీ ఆ పంట డబ్బు చుట్టూ తిరిగేవే. టౌన్‌హాల్ సభకు ఫ్లెక్సీ ఖర్చు పెట్టుకునే దాత కూడా వాళ్లలోంచే వస్తాడు.

తిథిది ఒక దారి, తేదీది ఒక దారి

ఇప్పుడు చంద్రుడి సంగతి. మన పండుగలు తిథి ప్రకారం నడుస్తాయి. 12 చాంద్రమాన నెలలు కలిపితే సుమారు 354 రోజులు. సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ. అందుకే ఉగాది ప్రతి ఏడూ ఇంగ్లీషు క్యాలెండర్లో పదకొండు రోజుల దాకా వెనక్కి జరుగుతుంది. అలా జరిగి జరిగి రుతువు దాటిపోకుండా సుమారు 32, 33 నెలలకొకసారి అధికమాసం వస్తుంది. అది వచ్చిన తర్వాతి ఉగాది ఒక్కసారిగా ముందుకు దూకుతుంది.

అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 2023లో ఉగాది మార్చి 22. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది. కాబట్టి 2024లో ఏప్రిల్ 9కి వెళ్లింది. 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, అందువల్ల 2027 ఉగాది ఏప్రిల్ 7న వస్తుంది.

ముస్లిం క్యాలెండర్ కూడా చంద్రుడిదే, కానీ దానిలో అధికమాసం లేదు. అందువల్ల రంజాన్ వెనక్కే జరుగుతూ అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. 2025లో ఉగాది మర్నాడే రంజాన్ పండుగ వచ్చింది. 2026లోనూ రెండూ ఒకే వారంలో పడ్డాయి. అలాంటి ఏడాది ట్రంకు రోడ్డులో బట్టల కొట్లు, టైలర్లు, మైక్ సెట్ల వాళ్లు అందరికీ ఒకేసారి పని. 2027లో ఉగాది ముందుకు దూకుతుంది, రంజాన్ వెనక్కే పోతుంది, మధ్యలో దాదాపు నాలుగు వారాల ఎడం వస్తుంది. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగ కూడా మొహర్రం లెక్కనే కాబట్టి ఇలాగే జరుగుతూ ఉంటుంది. నెల్లూరు రొట్టెల పండుగ ఏ కాలంలో వస్తుందని బయటివాళ్లు అడిగితే ఒక్క మాటలో చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

వీటికి తోడు కదలని తేదీలు కొన్ని ఉన్నాయి. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం. ఏప్రిల్ 11 జ్యోతిరావు ఫూలే జయంతి. ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి. ఆ రోజు పేటల్లో డప్పు, పాట, వీధి నాటకం వినిపిస్తాయి. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు, దాన్నే తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నాం. ఏప్రిల్ 29 నాట్య దినోత్సవం. ఇవి నిలబడి ఉంటే తిథులు వాటి మధ్య అటూ ఇటూ జరుగుతుంటాయి. 2024లో శ్రీరామనవమి ఏప్రిల్ 17. నాటకరంగ దినోత్సవానికి మర్నాడే. హార్మోనిస్టు ఒక్కడు, పిలిచే ఊళ్లు పది. 2025లో నవమి ఏప్రిల్ 6న వచ్చింది, మధ్యలో పది రోజుల ఊపిరి దొరికింది. ఒక ఏడాది "ఈసారి కార్యక్రమాలు తక్కువే" అనిపించడానికి, మరో ఏడాది "దేనికీ వెళ్లలేకపోయాం" అనిపించడానికి చాలాసార్లు కారణం ఇంతే.

గుడి ఉత్సవాలు ఈ తిథుల మీద దండలా వరసగా ఉంటాయి. పెన్న ఒడ్డున రంగనాయకులపేటలో తల్పగిరి రంగనాథుడి బ్రహ్మోత్సవాలు, రథోత్సవం మార్చి ఏప్రిల్ మధ్య. బుచ్చిరెడ్డిపాళెం కోదండరామస్వామి, మార్కాపురం చెన్నకేశవస్వామి ఉత్సవాలు చైత్రంలో. వైశాఖం రాగానే జొన్నవాడ కామాక్షితాయి, నరసింహకొండ, పెంచలకోన. చైత్రంలో జాగా దొరకని కార్యక్రమం వైశాఖంలోకి జరుగుతుంది, వైశాఖంలో ఎండ భయపెడుతుంది. నిర్వాహకుడికి నిజంగా మిగిలేది నాలుగైదు వారాలే.

పేర్లు ఒకటే, పద్ధతులు వేరు

కరపత్రంలో "నాటకం" అనే మాట చూసి వెళ్లినవాళ్లు కొందరు నిరాశపడి తిరిగొస్తారు. ఎందుకంటే ఆ మాట కింద కనీసం రెండు వేర్వేరు ప్రపంచాలున్నాయి.

ఒకటి పద్యనాటకం. పాత్రధారులంతా కలిసి రిహార్సల్ చేసి ఆడేదని అనుకుంటాం. కానీ పల్లెల్లో ఎక్కువగా నడిచేది కాంట్రాక్టు పద్ధతి. కాంట్రాక్టరు ఊరి పెద్దలతో ఒక మొత్తానికి ఒప్పుకుంటాడు. సాధారణంగా ఆయనా నటుడో హార్మోనిస్టో అయి ఉంటాడు. ఆ తర్వాత ఒక్కో ఊరి నుంచి ఒక్కో పాత్రధారిని పిలుస్తాడు. కృష్ణుడు ఒక ఊరి నుంచి, అర్జునుడు ఇంకో ఊరి నుంచి వచ్చి, మేకప్ వేసుకునే చోట కలుస్తారు. అందరికీ పద్యాలు, సీన్ల వరస కంఠస్థం కాబట్టి నాటకం సాఫీగా నడుస్తుంది. పెద్ద పాత్రను సీన్ల వారీగా పంచుతారు. పడక సీను కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు మరొకరు. పోస్టరు మీద ఒకే పాత్రకు ఇద్దరు ముగ్గురి ఫొటోలుండేది అందుకే. కొత్తవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. పద్యం కోసం వచ్చినవాళ్లకు ఒకే రాత్రి ఇద్దరి గొంతు, ఇద్దరి రాగాలాపన పోల్చుకునే అవకాశం. రాగం నచ్చితే వన్స్‌మోర్ అంటారు, పద్యం మళ్లీ మొదలవుతుంది. ముందు వరసలోంచి ఎవరో లేచి నోటు ఇస్తే మైకులో పేరు చదువుతారు. దాన్ని చదివింపు అంటారు.

రాయబారం కథ భారతంలో ఉద్యోగపర్వానిది. ఆ పర్వాన్ని తెలుగు చేసింది ఈ ఊరి తిక్కన. 13వ శతాబ్దంలో విక్రమసింహపురిలో, మనుమసిద్ధి కొలువులో ఉండి, విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు రాశాడు. స్టేజీ మీద పాడే పద్యాలు ఆయనవి కావు, ఆ తర్వాతి నాటక కవులవి. అయినా తిక్కన కథ నడిపిన ఒడ్డునే కూర్చుని ఆ కథ వినడం నాకు ఎప్పుడూ చిన్న సంగతిగా అనిపించలేదు.

రెండోది పరిషత్తు నాటిక. ఇది పోటీ. కళాపరిషత్తు అనే సంస్థ మూడు నాలుగు రోజులు వేదిక పెట్టి, రెండు తెలుగు రాష్ట్రాల నుంచి సమాజాలను పిలుస్తుంది. ఈ పద్ధతికి వయసు చాలానే ఉంది. ఆంధ్ర నాటక కళాపరిషత్తు తెనాలిలో మొదలైంది 1929లో. ఒక్కో నాటిక సుమారు గంట. ఇక్కడ పద్యం ఉండదు. ముసలి తల్లిదండ్రులు, అప్పులు, భూమి, కులం, వలస లాంటి ఇప్పటి సంగతులే కథ. నెలల తరబడి రిహార్సల్ చేసి వస్తారు. న్యాయనిర్ణేతలు ముందు వరసలో కాగితాలు పెట్టుకుని కూర్చుంటారు. ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ నటుడు, ఉత్తమ రచన, ఆహార్యం, రంగాలంకరణ అంటూ బహుమతులు చివరి రాత్రి ప్రకటిస్తారు. ప్రతి సమాజానికీ ప్రదర్శన పారితోషికం అని కొంత ముందే ఇస్తారు, అది ఎక్కువగా వ్యాను ఖర్చుకే పోతుంది. ఒంగోలు, పరిసర ఊళ్లలో ఈ పరిషత్తు గాలి బలంగా ఉండేది. అక్కడ వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి వేసిన పునాది ఒక కారణం. స్టేజీ అంటే ఊరి కష్టం చెప్పుకునే చోటు అన్న అలవాటు అటువైపు పాతది.

అవధానం పూర్తిగా వేరే సంగతి. నాటకం కాదు, కచేరీ కాదు. అవధాని ఒకరు, చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవాళ్లు. ఒకరు సమస్య (పూరించాల్సిన పద్యపాదం) ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి (ఫలానా అక్షరం వాడొద్దని అడ్డం చెప్పడం), ఒకరు వర్ణన. ఇంకొకరు మధ్యలో అప్రస్తుత ప్రసంగంతో ఏకాగ్రత చెడగొట్టడానికే కూర్చుంటారు. పద్యాలు ఒక్కో పాదం చొప్పున నాలుగు ఆవృత్తాల్లో పూర్తవుతాయి. చివర ధారణ అంటే చెప్పినవన్నీ కాగితం లేకుండా వరసగా అప్పజెప్పడం. తెలియనివాళ్లు దత్తపది దగ్గర మొదలుపెడితే తేలిగ్గా రుచి పడుతుంది. పృచ్ఛకుడు వడ, పూరి లాంటి మాటలిచ్చి వాటితో రామాయణం చెప్పమంటాడు. వడను వడగాలిలో, పూరిని గుహుడి పూరిగుడిసెలో దాచవచ్చు. ఛందస్సు తప్పకుండా, అడిగిన కాసేపటికే, మిగతా ఏడుగురి ప్రశ్నలు తలలో ఉంచుకుని అలా దాచడమే విద్య. దీనికి సెట్టింగులు, మేకప్ అక్కర్లేదు. బల్ల, కుర్చీలు, ఒక మైక్ చాలు. తక్కువ ఖర్చుతో జరిగే పెద్ద విద్య కాబట్టే సాహిత్య సంస్థలకు అవధానం అంటే ఇష్టం. టౌన్‌హాల్, అంటే రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం, ఇలాంటి సభలకు సరిపోయే చోటు.

హరికథ గురించి ఒక మాట. గజ్జె కట్టి, చిడతలు పట్టి, కథకుడు ఒక్కడే పాడుతూ ఆడుతూ కథ నడుపుతాడు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తి హరికథకుడే. ఆయన నెల్లూరులో భిక్ష ఎత్తి త్యాగరాజ ఉత్సవాలు నడిపారు. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల, ఆ ఊరు ప్రకాశం వైపుది. తిప్పరాజువారి వీధిలోని సాంబమూర్తి ఇంటిని 2020లో బాలు కంచి మఠానికి వేద పాఠశాల కోసం ఇచ్చేశారు. కోలాటం, చెక్కభజన, బుర్రకథ గురించి ఇక్కడ విడిగా రాయడం లేదు. చూస్తే చాలు, వివరణ అక్కర్లేనివి అవి.

ఉచితం అంటే ఎవరు కడుతున్నట్టు?

ఈ కార్యక్రమాల్లో ఎక్కువ భాగానికి టికెట్ లేదు. అందుకే చాలామందికి ఇదంతా ప్రభుత్వమో దేవస్థానమో పెడుతుందనిపిస్తుంది. నిజానికి దారులు వేరు. బ్రహ్మోత్సవాల్లో ఒక్కో రోజు సేవకు ఒక్కో కుటుంబమో సంఘమో ఉభయకర్తలుగా ఉంటారు. ఆ రోజు వాహనం, పూలు, ప్రసాదం, కొన్నిచోట్ల మేళం, హరికథ ఖర్చు వాళ్లది. ఊరి తిరునాళ్లలో చందాలు. పట్నం సభల్లో దాతలు. ప్రభుత్వం ఉగాదికి కళారత్న, ఉగాది పురస్కారాలు ఇస్తుంది, జిల్లా కేంద్రంలో పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం పెడుతుంది. డప్పు కళాకారులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. అయితే వసంతంలో రాత్రి రాత్రికీ స్టేజీ వెలిగేది మాత్రం ఎక్కువగా చందాల మీదే.

ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను అనుకున్నవే, పద్ధతి అర్థం కావడానికి మాత్రమే. ఒక ఊరు ఒక రాత్రి పద్యనాటకానికి లక్ష రూపాయలు పోగుచేసింది అనుకోండి. స్టేజీ, తెరలు, లైట్లు, మైక్ సెట్‌కు 40,000. భోజనాలు, ప్రయాణాలు, పోస్టర్లకు 15,000. మిగిలిన 45,000 పన్నెండు మంది నటులు, ముగ్గురు వాద్యగాళ్లు పంచుకోవాలి. సగటున మనిషికి 3,000. రాయబారం కృష్ణుడికి ఎక్కువ వెళ్తుంది కాబట్టి చిన్న పాత్ర వాడికి అందులో సగం కూడా రాకపోవచ్చు. సగటు మనిషికి సీజన్ మొత్తంలో 25 రాత్రులు దొరికాయనుకుంటే 75,000. వర్షాకాలం, శీతాకాలం కలిపి ఏడాదంతా ఆ డబ్బే ఆధారమైతే నెలకు 6,250. పగలు ఆటో నడిపో, టీ కొట్టు చూసుకునో రాత్రి కిరీటం పెట్టుకునేవాళ్లు ఎందుకు ఉన్నారో ఈ లెక్క చెబుతుంది. ఆ కిరీటాన్ని వాళ్లు ఎంత శ్రద్ధగా గుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టుకుంటారో చూసినవాళ్లకు ఈ 6,250 అనే అంకె బరువు తెలుస్తుంది.

మరి టికెట్ పెడితే? అదే లక్ష ఖర్చు 400 సీట్ల హాల్లో రాబట్టాలంటే, 50 రూపాయల టికెట్‌కు హాలు నిండినా 20,000 మాత్రమే వస్తుంది. 250 పెట్టి నిండితే సరిపోతుంది. సగం నిండితే టికెట్ 500 కావాలి. పన్ను అడ్డం కాదు, 500 రూపాయల దాకా నాటకం టికెట్‌కు జీఎస్టీ మినహాయింపు ఉంది. అడ్డం అలవాటు. టికెట్ కావాలనేవాళ్లు చెప్పేదాంట్లో బలం ఉంది: డబ్బు పెట్టి కొన్న ప్రేక్షకుడు టైముకు వస్తాడు, చివరిదాకా కూర్చుంటాడు, నాటకం బాగోలేకపోతే అడుగుతాడు, నటుడు దాత దయ మీద బతకక్కర్లేదు. వద్దనేవాళ్ల మాటా తీసేయదగినది కాదు. పద్యనాటకానికి మొదటి వరస నుంచి చివరి వరస దాకా కూర్చునేది కూలీలు, ముసలివాళ్లు, పక్క ఊరి నుంచి ట్రాక్టరెక్కి వచ్చే ఆడవాళ్లు. 250 రూపాయల గేటు పెడితే ముందుగా బయట మిగిలేది, ఆ పద్యాలు కంఠతా వచ్చినవాళ్లే.

ఆలస్యానికీ ఈ డబ్బుకీ సంబంధం ఉంది. దాత ఇచ్చే డబ్బుకు టికెట్ లేదు, కాబట్టి వేదిక మీద కాసేపు కుర్చీ ఇస్తారు. జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షోపన్యాసం, శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు అయ్యేసరికి ఎనిమిది. ప్రేక్షకుడు డబ్బుగా కట్టనిది సమయంగా కడుతున్నాడు. నిర్వాహకులను తిట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి. అలాగని గంటన్నర సన్మానాలు పెట్టి కళాకారుడికి నలభై నిమిషాలు మిగిల్చే సభలను నేను సమర్థించలేను. అవధానంలో ధారణ దాకా రాకుండానే జనం లేచిపోవడం కళ్లారా చూశాను. ఆ రోజు అవధాని ఖాళీ కుర్చీలకు పద్యాలన్నీ అప్పజెప్పాడు, ఒక్క అక్షరం తప్పకుండా.

పదింటికి మైక్ ఆపమన్నది ఎవరు?

పోలీసులు సొంతంగా పెట్టిన నిబంధన కాదు. కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఆడిటోరియం లాంటి మూసిన హాలు లోపల, లోపలివాళ్లకే వినపడేలా వాడితే అది వేరు. ఇంకో వెసులుబాటూ ఉంది: సాంస్కృతిక, మత ఉత్సవాల సందర్భంగా రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 10 నుంచి 12 దాకా అనుమతి ఇవ్వవచ్చు, కానీ ఏడాదికి 15 రోజులకు మించి కాదు.

ఆ 15 రోజులు రాష్ట్రంలోని పండుగలన్నిటికీ కలిపి. వినాయక చవితి, దసరా, సంక్రాంతి అన్నీ అందులో వాటా అడుగుతాయి. వసంతంలో ఒక పల్లె తిరునాళ్లకు మిగిలేది ఎంత? అందుకే రాత్రి తొమ్మిదిన్నరకు మొదలై తెల్లవారాక ముగిసే నాటకం ఇప్పుడు సీన్లుగా తెగింది. పడక సీను, రాయబారం, అంతే. కొన్ని ఊళ్లలో సాయంత్రం ఆరింటికే తెర లేపుతున్నారు, ఎండ దిగకముందే మేకప్. ఇంకొన్నిచోట్ల పదింటి తర్వాత మైక్ తగ్గించి నడుపుతారు, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆపుతారు.

ఫిర్యాదు చేసేవాళ్లను కళాద్వేషులు అనేయడం అన్యాయం. నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదనే పరిమితి ఊరికే పెట్టలేదు. గుండె జబ్బు మనిషి, పసిబిడ్డ, పొద్దున్నే పరీక్షకు వెళ్లే పిల్ల ఆ వీధిలోనే ఉంటారు. మార్చి రెండో సగంలో పదో తరగతి పరీక్షలు. 2026లో ఉగాది సరిగ్గా వాటి మధ్యలోకి వచ్చింది. మరోవైపు నటుల మాటలోనూ న్యాయం ఉంది. సినిమా పాటల రికార్డింగ్ డ్యాన్సు డీజే బాక్సులు, హార్మోనియం ముందున్న ఒక్క మైకు, రెండూ నిబంధన దృష్టిలో ఒకటే. ఊరిని ఎక్కువ అదరగొట్టేది ఏదో అందరికీ తెలుసు. శబ్దం ఎంత అన్నది కొలవకుండా గంట ఎంత అన్నదే చూడటం వల్ల ముందుగా దెబ్బ తిన్నది పద్యం.

ఎన్నికల కోడ్ ఇంకో చిక్కు. మన రాష్ట్రంలో 2019లోనూ 2024లోనూ ఎన్నికలు వసంతంలోనే వచ్చాయి. 2019లో మార్చి 10న షెడ్యూలు వస్తే ఉగాది ఏప్రిల్ 6న, 2024లో మార్చి 16న వస్తే ఉగాది ఏప్రిల్ 9న. రెండుసార్లూ పండుగ కోడ్‌లోనే జరిగింది. నాయకులు వేదిక ఎక్కితే ప్రచారం కిందికి వస్తుంది, ఎక్కకపోతే దాతల్లో చాలామంది ఉత్సాహం తగ్గుతుంది. మైక్ అనుమతికి కాగితాలూ పెరుగుతాయి.

సర్దాలా, ఇలాగే ఉండనివ్వాలా?

ఏడాదంతా నెలకో కార్యక్రమం చొప్పున సర్దితే మేలు అనే వాదన ఉంది. హాలు దొరుకుతుంది, హార్మోనిస్టుకు నెలనెలా పని ఉంటుంది, ప్రేక్షకుడు ఒకదాని కోసం ఇంకోటి వదులుకోడు. పరిషత్తు నాటికలకు, అవధానాలకు, సంగీత సభలకు ఇది చాలావరకు సాధ్యమే. వాటికి తిథితో పనిలేదు, పైకప్పు ఉంటే చాలు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం చుట్టూ కొన్ని సభలు ఇప్పటికే అలా జరుగుతున్నాయి.

తిరునాళ్ల నాటకానికి ఈ మాట వర్తించదు. శ్రీరామనవమి పందిట్లో నాటకాన్ని సెప్టెంబరుకు జరిపితే పందిరి ఉండదు, ధాన్యం డబ్బు ఉండదు, పుట్టింటికొచ్చిన ఆడపడుచులు ఉండరు. నాటకం మాత్రం ఉంటుంది, చూసేవాళ్లు లేకుండా. అందుకని అన్నిటినీ ఒకే గాటన కట్టి సర్దమనడం నాకు సరిగా తోచదు. కదలగలిగినవి కదిలితే, కదలలేనివాటికి చైత్రంలో చోటు పెరుగుతుంది. టౌన్‌హాల్ సభ ఒకటి జూన్‌కు జరిగితే, ఆ వారం ఒక మైక్ సెట్టు, ఒక తబలా పల్లెకు దొరుకుతాయి.

దానికి పరీక్ష 2027లోనే ఉంది. ప్లవంగ ఉగాది ఏప్రిల్ 7న. ఈమధ్య ఏళ్ల మాదిరే మార్చిలో పరీక్షలు పెడితే అప్పటికి పదో తరగతి పిల్లలు ఊపిరి పీల్చుకుని ఉంటారు. ఏప్రిల్ 14 బుధవారం అంబేడ్కర్ జయంతి, 15 గురువారం శ్రీరామనవమి, 16 శుక్రవారం నాటకరంగ దినోత్సవం. మూడు రోజులు, మూడు రకాల జనం, ఊళ్లో ఉన్న డప్పులు, హార్మోనియాలు, హాళ్లు అవే. హాలు బుక్ చేసుకునేవాళ్లు, మైక్ అనుమతికి అర్జీ పెట్టేవాళ్లు సంక్రాంతి నాటికే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సి ఉంటుంది.